డికెన్స్ అసలు ఎలా ఉండేవాడు? జీవితం, బొమ్మలు కలిపి చూస్తే

మీ ప్రశ్న ఇది: చార్లెస్ డికెన్స్ మీద వ్యాసం రాస్తూ బొమ్మల కోసం వెతికితే ముగ్గురు వేర్వేరు మనుషులు కనిపిస్తున్నారు. పొడవాటి జుట్టుతో, నున్నటి ముఖంతో ఉన్న కుర్రాడు ఒకడు. గడ్డం పెంచి చురచురా చూస్తున్న నడివయసు మనిషి ఒకడు. ముడతలు పడి అలిసిపోయిన పెద్దాయన ఇంకొకడు. వీటిలో అసలు పోలిక ఏది, ఏ బొమ్మ ఎప్పటిది, జీవితంతో కలిపి చెప్పగలరా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ముగ్గురూ ఆయనే. 1830 నుంచి 1870 దాకా నలభై ఏళ్ల బొమ్మలు అవి. వ్యాసంలో ఒక్కటే పెట్టాలంటే నేను 1843లో మార్గరెట్ గిల్లీస్ గీసిన చిన్న బొమ్మను ఎంచుకుంటాను. ఎందుకో కింద చెప్తాను. మన దగ్గర చాలామందికి డికెన్స్ నాన్‌డిటెయిల్డ్ పుస్తకం అట్ట మీది గడ్డం మనిషిగానే తెలుసు. కానీ ఆలివర్ ట్విస్ట్ రాసినవాడికి గడ్డం లేదు. అప్పటికి పాతికేళ్లవాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా ఆ నవల మొదలుపెట్టలేదు. వయసు తెలిస్తే ఆ పుస్తకంలో ఉన్న కోపం వేరుగా వినిపిస్తుంది.

ఇక జీవితం. 1812 ఫిబ్రవరి 7న పోర్ట్స్‌మత్‌లో పుట్టాడు. తండ్రి జాన్ నౌకాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా. మాటకారి, మంచివాడు, చేతిలో డబ్బు నిలవనివాడు. 1824లో అప్పులవాళ్లు కేసు పెడితే లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో వేశారు. ఆ రోజుల్లో బాకీ తీర్చనివాణ్ని జైల్లో పెట్టేవారు, తక్కిన కుటుంబం కూడా వెళ్లి అక్కడే ఉండవచ్చు. తల్లీ చిన్నపిల్లలూ అలాగే వెళ్లారు. చార్లెస్‌ని మాత్రం అంతకుముందే థేమ్స్ ఒడ్డున, హంగర్‌ఫర్డ్ మెట్ల దగ్గర ఎలకలు తిరిగే పాత భవనంలో నడిచే వారెన్ బూటు పాలిష్ గోదాములో పనికి పెట్టారు. వారానికి ఆరు షిల్లింగులు. పాలిష్ డబ్బాలకు కాగితం చుట్టి, దారం కట్టి, లేబుల్ అంటించడం పని. పన్నెండేళ్ల వయసు.

బొమ్మల గురించి రాసేవాళ్లు వదిలేసే సంగతి ఇక్కడ ఒకటుంది. ఆ గోదాము తర్వాత కోవెంట్ గార్డెన్ దగ్గరికి మారింది. వెలుతురు బాగుంటుందని చార్లెస్‌నీ ఇంకో కుర్రాణ్నీ వీధివైపు కిటికీ పక్కన కూర్చోబెట్టారు. వాళ్ల చేతులు ఎంత చురుగ్గా కదిలేవంటే, దారినపోయేవాళ్లు ఆగి అద్దంలోంచి చూసేవారు. ఒకరోజు వీళ్లు తీరిక లేకుండా పనిచేస్తుండగా తండ్రి తలుపులోంచి లోపలికి వచ్చాడు. ఆయన దాన్ని ఎలా భరించాడా అని అప్పుడు అనుకున్నానని డికెన్స్ పెద్దయ్యాక రాసుకున్నాడు. లోకం డికెన్స్‌ని నిలబడి చూడటం అక్కడే మొదలైంది, అదీ ఆయనకు ఇష్టం లేకుండా. ఈ గోదాము సంగతి ఆయన బతికున్నన్నాళ్లూ పాఠకులకు తెలియదు. స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్‌కి రాసిచ్చిన కాగితాల ద్వారా, ఆయన పోయాక వచ్చిన జీవితచరిత్రలో బయటపడింది. కాబట్టి కింద నేను చెప్పబోయే బొమ్మల్లో చాలావాటిని అప్పటివాళ్లు ఈ సంగతి తెలియకుండానే చూశారు.

తర్వాత కొన్నాళ్లు బడి, ఆపైన లాయరు దగ్గర గుమాస్తాగిరీ. గర్నీ పద్ధతి షార్ట్‌హ్యాండ్ సొంతంగా నేర్చుకుని కోర్టుల్లో, పార్లమెంటులో రిపోర్టరయ్యాడు. 1834లో మార్నింగ్ క్రానికల్‌లో ఉద్యోగం. ఊళ్లలో జరిగే ఎన్నికల సభలకు వెళ్లి, రాత్రిపూట గంటకు పదిహేను మైళ్ల వేగంతో పరుగెత్తే గుర్రపుబండిలో, లాంతరు వెలుగులో, అరచేతి మీద కాగితం పెట్టుకుని రిపోర్టు రాసేవాణ్నని 1865లో పత్రికలవాళ్ల సభలో గర్వంగా చెప్పుకున్నాడు. రిపోర్టరు ఉద్యోగం మానేసి నవలాకారుడిగా ఎంత పేరొచ్చినా, ఆయన పత్రికలకు రాయడం వదల్లేదు. ఆయన నవలల్లో మురికివీధీ, కోర్టూ, దిక్కులేని పేదల్ని పెట్టి పనిచేయించే వర్క్‌హౌసూ అంత కచ్చితంగా ఉంటాయంటే కారణం ఈ శిక్షణే.

ఈ దశకు చెందిన బొమ్మ 1830 నాటిది. వరసకు అత్త అయిన జానెట్ బారో దంతం పలక మీద వేసిన చిన్న చిత్రం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఇంకా ఏమీ రాయనివాడు. మొహమాటంగా, బుద్ధిగా ఉంటాడు. చిత్రంగా గొప్పది కాదు. కానీ పేరు రాకముందు ముఖం ఇది అనుకుంటే విలువ తెలుస్తుంది.

1836లో రెండు విషయాలు జరిగాయి. ఏప్రిల్ 2న కేథరిన్ హోగార్త్‌తో పెళ్లి. దానికి రెండు రోజుల ముందే ఆయన మొదటి నవల పిక్‌విక్ పేపర్స్ నెలనెలా భాగాలుగా మొదలైంది. మొదట అది బొమ్మల కోసం రాసే కథ. చిత్రకారుడు రాబర్ట్ సీమూర్, కథ ఆ బొమ్మలకు తోడు. రెండో భాగం రాకముందే సీమూర్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ఆయన స్థానంలో రాబర్ట్ విలియం బస్ అనే ఆయన్ని తెచ్చారు. లోహపు రేకు మీద చెక్కే పని అలవాటు లేక ఆయన బొమ్మలు బాగా రాలేదు. రెండే రెండు అచ్చయ్యాక తీసేశారు. తర్వాత ఫిజ్ అనే పేరుతో గీసే హాబ్లట్ బ్రౌన్ వచ్చి చాలా ఏళ్లు ఉండిపోయాడు. బస్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు. వెయ్యి కాపీలతో మొదలైన పిక్‌విక్ పూర్తయ్యేసరికి నెలకు నలభై వేలకు చేరింది.

మీరు చూసిన అందగాడైన కుర్రాడి బొమ్మ 1839లో డేనియల్ మక్లీస్ వేసిన తైలవర్ణ చిత్రం. ప్రచురణకర్తలు చాప్‌మన్ అండ్ హాల్ నికొలస్ నికిల్‌బీ పుస్తకం ముందు పెట్టడానికి వేయించారు. రాతబల్ల పక్కన కూర్చుని వెలుతురు వైపు ముఖం తిప్పి చూస్తుంటాడు. మెడకు నల్లటి పట్టు గుడ్డ, చెవుల మీదికి పడే గోధుమరంగు జుట్టు. చేతిలో కలం లేదు. రాస్తున్న మనిషి కాదు, ఇప్పుడే ఏదో తట్టిన మనిషి. అద్దం కూడా ఇంతకన్నా బాగా చూపించలేదని ఆనాటి రచయిత థాకరే రాశాడు. అంత మెచ్చుకోలు ఉన్నా నాకు ఇందులో పోలిక కన్నా అలంకారమే ఎక్కువ అనిపిస్తుంది. ఇరవయ్యేడేళ్లకే దేశమంతా తెలిసిపోయిన మనిషిని ప్రచురణకర్తలు ఎలా చూపించాలనుకున్నారో అలా ఉంది. దీన్ని ఉక్కురేకు మీద చెక్కి పుస్తకంతో పాటు అచ్చేశారు. వేలమంది ఇళ్లకు చేరింది ఆ నలుపు తెలుపు అచ్చే, రంగుల చిత్రం కాదు. అచ్చుకోసం చెక్కేవాడు గీతలు పదునుగా దిద్దుతాడు, పెదవులు చిన్నవి చేస్తాడు, కళ్లు పెద్దవి చేస్తాడు. మీకు దొరికిన బొమ్మల్లో తేడాకు ఇదొక పెద్ద కారణం. ఒకే చిత్రం నుంచి తీసిన రెండు అచ్చులు పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి తప్ప ఒకే మనిషిలా ఉండవు.

ఇక గిల్లీస్ బొమ్మ. 1843 వసంతంలో కర్మాగారాల్లో పనిచేసే పిల్లల గురించి ప్రభుత్వ కమిషన్ రిపోర్టు వచ్చింది. ఆ కమిషన్ సభ్యుల్లో ఒకరైన డాక్టర్ సౌత్‌వుడ్ స్మిత్ దాన్ని డికెన్స్‌కి పంపాడు. చదివి కదిలిపోయిన డికెన్స్ పేదవాడి బిడ్డ తరఫున ఒక కరపత్రం రాస్తానన్నాడు. నాలుగు రోజులకే మనసు మార్చుకుని, అంతకు ఇరవై వేల రెట్లు బలమైన దెబ్బ కొడతాను, సంవత్సరాంతం దాకా ఆగండి అని జవాబిచ్చాడు. ఆ దెబ్బ పేరు ఎ క్రిస్మస్ కరోల్. డిసెంబరు 19న వచ్చి పండుగలోపు ఆరు వేలు అమ్ముడుపోయింది. మార్గరెట్ గిల్లీస్ ఆ స్మిత్‌కి జీవిత సహచరి. కరోల్ రాస్తున్న రోజుల్లోనే డికెన్స్ ఆమె ముందు కూర్చున్నాడు. ముప్పయ్యొకటో ఏడు. తల ఇటు తిప్పి నేరుగా మన కళ్లలోకి చూస్తాడు. మక్లీస్ చిత్రంలో చూపు ఎటో పోతుంది, ఇందులో మనల్నే ఏదో అడుగుతున్నట్టుంటుంది. దీని అచ్చు చూసిన కవయిత్రి ఎలిజబెత్ బారెట్ ఆ గద్దకళ్ల మనిషికి మానవజాతి దుమ్మూ బురదా అంటుకుని ఉన్నాయని రాసింది. ఆ బూటు పాలిష్ గోదాము సంగతి ఆమెకు తెలిసే అవకాశమే లేదు. అయినా ఆ మాట అంది. నేను ఈ బొమ్మను ఎంచుకోవడానికి కారణం అదే.

1844లో రాయల్ అకాడమీలో ప్రదర్శించాక ఆ చిత్రం కనబడకుండా పోయింది. 1886లో ఎవరో అడిగితే గిల్లీస్ తనకే ఆచూకీ తెలియదని చెప్పింది. 2017లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఒక వేలంలో, లోహపు రొయ్యలాంటి చిల్లర వస్తువులున్న అట్టపెట్టెలో బూజు పట్టి దొరికింది. కొన్నవాళ్లు లండన్‌లోని ఒక గ్యాలరీకి చూపించారు. బూజు శుభ్రం చేస్తే ఈ ముఖం బయటికొచ్చింది. 2019లో డికెన్స్ మ్యూజియం లక్షా ఎనభై వేల పౌండ్లకు కొంది. డౌటీ వీధి 48వ నంబరు ఇల్లే ఆ మ్యూజియం. ఆలివర్ ట్విస్ట్ చాలావరకు రాసింది అక్కడే. అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లో ఈ రంగుల చిత్రం ఉండదు, కాబట్టి పాత పుస్తకాల్లో వెతకకండి.

ఇంతమంది గీసినా ఎవరికీ పూర్తిగా చిక్కకపోవడానికి కారణం ఆ ముఖంలోనే ఉంది. 1840లో మొదటిసారి చూసిన రచయిత కార్లైల్, ఆ కనుబొమలు ఎగిరెగిరి పడతాయని, మాట్లాడుతుంటే ముఖమంతా అటూ ఇటూ కదిలిపోతుందని రాశాడు. ఆ ఒక్క ముఖంలో యాభైమంది మనుషుల ప్రాణం ఉందని కవి లీ హంట్ అన్నాడు. పెద్ద కూతురు మేమీ చెప్పింది ఇంకా దగ్గరిది. తనకు జబ్బు చేసి నాన్న గదిలో సోఫా మీద పడుకున్న రోజుల్లో, ఆయన రాస్తూ రాస్తూ లేచి అద్దం దగ్గరికి పరుగెత్తేవాడట. అక్కడ నిలబడి ముఖం రకరకాలుగా తిప్పి, వెనక్కి వచ్చి గబగబా రాసి, మళ్లీ అద్దం దగ్గరికి వెళ్లేవాడట. అంటే పాత్రను ముందు తన ముఖం మీద వేసుకుని చూసి, తర్వాత కాగితం మీద పెట్టేవాడు. అలాంటి మనిషిని కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి గీస్తే వచ్చేది సగం మనిషే. ఫొటోల సంగతి సరేసరి. 1850లలో కెమెరా ముందు కొన్ని క్షణాలు బిగుసుకుని ఉండాలి. పైగా ఫొటో తీయడానికి వాడే ఆనాటి తడి ప్లేటు (రసాయనం పూసిన గాజుపలక)కు నీలిరంగు తెల్లగా, ఎరుపు నల్లగా పడుతుంది. అందుకే లేతరంగు కళ్లు వెలవెలబోతాయి, ఎండకు కమిలిన చర్మం మసిబారుతుంది, ముడతలు రెట్టింపవుతాయి. మీకు కనబడిన కోపిష్టి మనిషి సగం కెమెరా తయారుచేసినవాడు.

1855 చివర్లో పారిస్‌లో చిత్రకారుడు ఆరీ షెఫర్ ముందు కూర్చున్నప్పుడు డికెన్స్ పడ్డ బాధ ఇంతా అంతా కాదు. లిటిల్ డోరిట్ నవల మొదలవుతోంది, తల నిండా అదే ఉండగా రోజుల తరబడి ఊరికే కూర్చోవాలి. ఉత్తరాల్లో విసుక్కున్నాడు. తీరా చూస్తే తన పోలిక ఏమాత్రం కనబడలేదన్నాడు. హాలండ్‌లో పుట్టిన షెఫర్ మాత్రం, ఈ క్షణంలో మీరు డచ్చి నౌకాదళపతిలా ఉన్నారు అన్నాడట. నాకు ఈ చిత్రం మీద పెద్ద ప్రేమ లేదు. డికెన్స్ పోయిన ఏడాదే దీన్ని లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ కొనేసింది గనక ఎక్కువ చోట్ల కనిపిస్తుంది.

ఇక గడ్డం కథ. ముందు మీసం వచ్చింది. ఫోర్‌స్టర్‌కి అది నచ్చలేదు. చిత్రకారుడు ఫ్రిత్ చేత మంచి చిత్రం వేయించాలనుకుని కూడా, ఈ పిచ్చి పోయేదాకా ఆగుదామన్నాడు. పోకపోగా గడ్డం కూడా తోడైంది. ఇంకా ఆగితే ముఖమే కనబడదన్న భయంతో 1859లో వేయించాడు. అదే ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మఖమలు కోటు, రాతబల్ల, బల్ల మీద రాతప్రతి. ఎ టేల్ ఆఫ్ టు సిటీస్ రాస్తున్న రోజులవి. ఆయన రాస్తుంటే పక్కన కూర్చుని చూసిన ఫ్రిత్, గొణుక్కుంటూ, ముఖం చిట్లిస్తూ, గడ్డం పీక్కుంటూ గదిలో తిరిగేవాడని రాసుకున్నాడు. పూర్తయిన చిత్రం గురించి డికెన్స్ అన్న మాట: పక్కింటివాడు నాకు బద్ధశత్రువై, వాడి ఇంటికి బీమా లేక, అది తగలబడుతోందని నాకు అప్పుడే కబురొచ్చినట్టు ఉంది, తక్కినదంతా బాగుంది. ఈయన నిద్రపోతూ, నెమ్మదిగా ఉండగా ఒక్కసారి చూడాలని ఉందని చిత్రకారుడు లాండ్సీర్ అన్నాడు.

ఆ చూపులోని బిగువుకు కారణం ముందటి ఏడాదిలో ఉంది. 1857లో పద్దెనిమిదేళ్ల నటి ఎలెన్ టెర్నన్ పరిచయమైంది. 1858లో, పదిమంది పిల్లల తల్లి కేథరిన్‌ని ఇంట్లోంచి పంపేశాడు. సొంత వారపత్రిక హౌస్‌హోల్డ్ వర్డ్స్ మొదటి పేజీలో తన సంసారం గురించి ప్రకటన వేసుకున్నాడు. దాన్ని తమ హాస్యపత్రిక పంచ్‌లో కూడా వేయలేదని ప్రచురణకర్తలతో తెగదెంపులు చేసుకుని, ఆ పత్రిక మూసి, 1859లో ఆల్ ది ఇయర్ రౌండ్ పెట్టాడు. మనుషుల మనసులు అంతగా తెలిసినవాడు ఇంత క్రూరంగా ప్రవర్తించాడంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మనవాళ్లు రాసే వ్యాసాల్లో ఇంకో సంగతి కూడా దాటవేస్తారు, మీరు దాటవేయకండి. 1857 తిరుగుబాటు వార్తలు విన్నాక అక్టోబరులో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, తానే భారతదేశంలో సేనాధిపతినైతే ఆ జాతిని తుడిచిపెట్టడానికి చేయగలిగిందంతా చేస్తానన్నాడు. లండన్ పేదపిల్లల కోసం కంటతడి పెట్టించిన కలమే ఇది రాసింది. కొడుకు వాల్టర్ అదే ఏడాది సైన్యంలో చేరి మన దేశానికి వచ్చాడు. అప్పులు చేసి, జబ్బుపడి, 1863 డిసెంబరు 31న కలకత్తాలో ఇరవై రెండేళ్లకు చనిపోయాడు. ఆ కబురు సరిగ్గా తండ్రి పుట్టినరోజునే ఆయనకు చేరింది. వాల్టర్ చిన్నప్పటి ముఖం కూడా మక్లీస్ గీసిన బొమ్మలో ఉంది. 1842లో అమెరికా వెళ్తూ, వదిలిపెట్టి వెళ్తున్న నలుగురు పిల్లల్నీ పెంపుడు బొంతకాకినీ గీయించి భార్యాభర్తలు వెంట తీసుకెళ్లారు.

ఇక ముడతల పెద్దాయన. ఆ ఫొటోల్లో ఆయనకు యాభై అయిదేళ్లే. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు వంతెన మీద పట్టాలు తప్పింది. ఎలెన్, ఆమె తల్లి కూడా ఆయనతోనే ఉన్నారు. కిందకు దిగి టోపీలో నీళ్లు మోసి గాయపడ్డవాళ్లకు పట్టాడు. తర్వాత రైలెక్కితే వణుకు. అయినా తన పుస్తకాల్లోని ఘట్టాలు వేదిక మీద నటిస్తూ చదవడం మానలేదు. 1867–68లో అమెరికాలో తిరిగి దాదాపు పంతొమ్మిది వేల పౌండ్లు సంపాదించాడు. న్యూయార్క్‌లో గర్నీ స్టూడియో తీసిన ఫొటోలు అప్పటివే. 1869లో ఆలివర్ ట్విస్ట్‌లోని నాన్సీ హత్య ఘట్టం చేర్చాక, ప్రతిసారీ దిగేసరికి నాడి పరుగెత్తేది, సోఫా మీద వాలిపోయేవాడు. అదే ఏడాది స్వదేశంలో చేస్తున్న చదివే యాత్రను మధ్యలో డాక్టర్లు ఆపించారు. ఈ ఫొటోలు వాడేటప్పుడు వయసు కింద రాయండి, లేకపోతే చదివేవాళ్లు డెబ్బై ఏళ్లనుకుంటారు.

1870 జూన్ 9న, ఆ ప్రమాదం జరిగి సరిగ్గా అయిదేళ్లకు, గాడ్స్‌హిల్ ఇంట్లో చనిపోయాడు. మర్నాడు చిత్రకారుడు జాన్ మిలే వచ్చి ముఖాన్ని పెన్సిల్‌తో గీశాడు. దవడ జారకుండా కట్టిన గుడ్డ అందులో కనిపిస్తుంది. పూర్తికాని చివరి నవల ఎడ్విన్ డ్రూడ్‌కి బొమ్మలు వేస్తున్న యువకుడు లూక్ ఫిల్డ్స్ అదే ఇంట్లో రాతబల్లనూ ఖాళీ కుర్చీనీ మాత్రం గీశాడు. ఆ అచ్చు దేశమంతా పాకింది. వాన్‌గో దగ్గర కూడా ఒకటి ఉండేది. పిక్‌విక్ పని పోగొట్టుకున్న ఆ బస్ కూడా కక్ష పెట్టుకోకుండా, కుర్చీలో కునికిపాట్లు పడుతున్న డికెన్స్ చుట్టూ పాత్రలన్నీ తేలుతున్నట్టు ఒక పెద్ద చిత్రం మొదలుపెట్టాడు. రంగులు నిండకముందే 1875లో పోయాడు. ఇందులో పాత్రలు చాలావరకు ఫిజ్, ఆలివర్ ట్విస్ట్‌కి బొమ్మలు వేసిన క్రూక్‌షాంక్ గీసిన రూపాలే. డికెన్స్ ముఖం వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫరు తీసిన ఫొటోలోది. కాబట్టి దీన్ని ప్రత్యక్షంగా చూసి వేసిన పోలికగా తీసుకోకండి.

తనకు స్మారకాలు, విగ్రహాలు పెట్టవద్దని వీలునామాలో వేడుకున్నాడు. పెట్టారు. ఫిలడెల్ఫియాలో ఒకటి, సిడ్నీలో ఒకటి, 2014లో పుట్టిన ఊళ్లోనే ఒకటి. 1992 నుంచి పదేళ్లకు పైగా బ్రిటన్ పది పౌండ్ల నోటు మీద కూడా ఉన్నాడు, అదీ గడ్డం మనిషే.

చివరగా, మీ జాబితాలో లేని ఒక బొమ్మ చేర్చమంటాను. 1847లో మక్లీస్ వేసిన కేథరిన్ చిత్రం. భర్త పోయాక తొమ్మిదేళ్లు బతికి, చనిపోయే ముందు ఆమె ఆయన తనకు రాసిన ఉత్తరాల కట్టను కూతురు కేట్‌కి ఇచ్చింది. ఆయన ఒకప్పుడు తనను ప్రేమించాడని లోకానికి తెలియాలి, బ్రిటిష్ మ్యూజియానికి ఇవ్వమంది. కేట్ ఇచ్చింది. ఆయన బొమ్మలు అన్ని పెట్టి ఆమెది ఒక్కటీ పెట్టకపోతే ఆ ఇంటి కథ సగమే చెప్పినట్టు.